బోడియం కోట ఈసీ తీస్తే

అందరికీ నమస్కారమండీ. వెనక వాళ్ళకి వినపడుతోందా? ఆ, సరే. ఇందాక పరిచయం చేసినాయన నన్ను చరిత్రకారుడనేశారు, అదేం లేదండీ, నేను 34 ఏళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట బల్లేసుకుని దస్తావేజులు రాసుకున్న మనిషిని. అందుకని నాకో జబ్బుంది, ఏ మేడ చూసినా ఏ తోట చూసినా అబ్బ ఎంత బావుందో అనిపించే ముందు దీనికి లింక్ డాక్యుమెంట్లు ఉన్నాయా, ఎవరి దగ్గర్నించి ఎవరికొచ్చింది, ఇదే తడుతుంది. మొన్న అమ్మాయి, అల్లుడు ఉండే ఊరికి ఇంగ్లండ్ వెళ్ళి మూడు నెలలున్నాను, అక్కడ కెంట్ జిల్లా దాటి ససెక్స్‌లోకి అడుగుపెట్టగానే బోడియం అని ఒక పాత కోట ఉంది, టెంటర్‌డెన్ అనే ఊరి నుంచి బొగ్గింజను రైలు వేసి ఇంకా నడుపుతున్నారు, ఆ రైల్లో తీసుకెళ్ళారు నన్ను. ఆ కోట గురించే ఇవాళ.

బోడి అంటే మనకి తెలుసుగా. పేరుకి తగ్గట్టే ఉందండి. బయట్నుంచి చూస్తే చుట్టూ చెరువంత కందకం, నిండా నీళ్ళు, ఆ నీళ్ళ మధ్యలోంచి నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు, పైన కోటకొమ్మలు, తలపాగా చుట్టుకున్న పెళ్ళికొడుకులా ఉంటుంది. లోపలికి వెళ్ళామా, గుండు. పైకప్పు లేదు, గదుల్లేవు, గోడలకి పొయ్యిగూళ్ళు మాత్రం గాల్లో వేలాడుతుంటాయి, కింద పచ్చిక. మా అల్లుడు ఫోటోలు తీసుకుంటుంటే నేను అక్కడ బోర్డులు చదువుకుంటూ ఒక కాగితం మీద మన పద్ధతిలో ఈసీ రాసుకున్నాను. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఒక ఆస్తి ఎవరి దగ్గర్నించి ఎవరికెళ్ళిందో చూపించే చిట్టా, ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదనుకుంటా, స్థలం కొన్న ప్రతివాడూ తీయించుంటాడు. మనం మామూలుగా 30 ఏళ్ళకి తీయిస్తాం. నేను 1385 నుంచి తీశాను. ఇంటికొచ్చాక పుస్తకాలు తెప్పించుకుని సరిచూసుకున్నాను కూడా.

మొదటి పేరు సర్ ఎడ్వర్డ్ డాలిన్‌గ్రిడ్జ్. ఈయన ఇంట్లో చిన్నకొడుకంటారు. మనకైతే అన్నదమ్ములంటే భాగాలు, పెద్దవాడికి ఎంతో చిన్నవాడికీ అంతే, ఊరి పెద్దలు కూచుని పంపకాలు. అక్కడ అప్పట్లో అలా కాదండి, ఆస్తంతా పెద్దకొడుక్కే, మిగతావాళ్ళు చర్చిలో చేరాలి లేకపోతే కత్తి పట్టాలి. ఈయన కత్తి పట్టాడు. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ నూరేళ్ళ యుద్ధం నడుస్తున్న రోజులు, రాబర్ట్ నోల్స్ అనే ఆయన దండు వెంట ఫ్రాన్స్ వెళ్ళాడు. దండు అంటే గౌరవంగా అన్నాను, ఊళ్ళమీద పడి దోచుకునే మూకలవి. అలా నాలుగు రాళ్ళు వెనకేసుకుని తిరిగొచ్చి ఎలిజబెత్ వార్డ్యూ అనే అమ్మాయిని పెళ్ళిచేసుకున్నాడు, ఆ అమ్మాయి పుట్టింటి ఆస్తే ఈ బోడియం మేనర్. అంటే ఊరూ, పొలాలూ, పెద్దిల్లూ కలిపి. 1378 నాటికి అది ఈయన చేతికొచ్చింది. కాబట్టి నా ఈసీలో మొదటి ఎంట్రీ ఏంటంటే పసుపు కుంకుమ కింద వచ్చిన ఆస్తి. (నవ్వులు) నవ్వకండి, ఇల్లరికం అనలేదు నేను.

మనిషి మెతక కాదు. ఏకంగా రాజుగారి బాబాయి జాన్ ఆఫ్ గాంట్‌తో గొడవ పెట్టుకున్నాడు, గాంట్ అంటే అప్పట్లో దేశంలో అందరికంటే డబ్బున్న ప్రభువు, ఆ గొడవ ముదిరి 1384లో కేసయి జైల్లో కూడా పడ్డాడు. ఆ మరుసటేడే, 1385 అక్టోబర్లో, రాజు రెండో రిచర్డ్ దగ్గర్నించి కోట కట్టుకోడానికి పర్మిషన్ తెచ్చుకున్నాడు. జైలుకెళ్ళొచ్చిన ఏడాదికి ప్లాన్ అప్రూవల్! ఎక్కడైనా మనుషులు ఒకటేనండీ.

ఈ పర్మిషన్ కాగితం గురించి కాస్త చెప్పుకోవాలి, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇంగ్లండులో ఇష్టమొచ్చినట్టు గోడ మీద కోటకొమ్మలు పెట్టుకోకూడదు, ఆ పళ్ళలాంటి ఎగుడుదిగుడు కట్టుబడి ఉంటుంది చూడండి, దానికి రాజు అనుమతి అడిగేవాళ్ళు. ఆ కాగితంలో ఏముందంటే, సముద్రానికి దగ్గర్లో ఉన్న బోడియంలోని నీ ఇంటికి రాయీ సున్నంతో గోడ కట్టి, కోటకొమ్మలు పెట్టి, కోటగా మార్చుకో, చుట్టుపక్కల ప్రాంతం రక్షణ కోసం, శత్రువుల్ని అడ్డుకోవడం కోసం అని. సముద్రానికి దగ్గర అంటే ఎంతనుకున్నారు, నడిచి వెళ్తే సగం రోజు. మన వెంచర్ల బ్రోచర్లో ఎయిర్‌పోర్టుకి 15 నిమిషాలు అని వేస్తారే అలాగన్నమాట. కానీ పూర్తిగా అబద్ధం కూడా కాదు, పక్కనే రోథర్ నది, అప్పట్లో అందులో పడవలు పైదాకా వచ్చేవి. 1377లో ఫ్రెంచివాళ్ళు వచ్చి దగ్గర్లోని రై ఊరు తగలబెట్టారు, 1380లో వించెల్సీ. భయానికి కారణం ఉంది.

ఇంకో తమాషా. కాగితంలో ఉన్నది పాత ఇంటిని బలపరుచుకోమని. ఈయన చేసింది పాతిల్లు వదిలేసి ఇంకోచోట కొత్త స్థలంలో మొత్తం కొత్త కోట కట్టడం. అప్రూవల్ ఒకదానికి, కట్టింది ఇంకోటి! 34 ఏళ్ళలో నేను చూసిన డీవియేషన్లు దీని ముందు ఏపాటి. ఫ్రాన్స్‌లో దోచిన డబ్బుతో, ఫ్రెంచివాళ్ళొస్తారనే పేరు చెప్పి, పెళ్ళాం పుట్టింటి స్థలంలో, వేరే దానికిచ్చిన పర్మిషన్ మీద కట్టిన కోట అండి ఇది.

సరే కట్టాడు, మరి నిజంగా యుద్ధానికి పనికొచ్చేదేనా? దీనిమీద అక్కడి పండితులు కొన్ని దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. ఒక పక్క వాళ్ళు ఏమంటారంటే చూడండి సింహద్వారం మీద తుపాకులు పెట్టే కంతలున్నాయి, లోపలికి వచ్చేవాడి నెత్తిన ఏదైనా పొయ్యడానికి కప్పులో రంధ్రాలున్నాయి, పైనుంచి కిందికి దింపే చెక్క జాలీ తలుపు ఉంది, అసలు వంతెనే తిన్నగా లేదు, పక్కనుంచి వచ్చి మలుపు తిరిగి రావాలి, వచ్చేవాడికి ఆ దారంతా పక్కటెముకలు అప్పగించినట్టే, ఇది కోట కాక ఏంటి అని. ఇంకో పక్క వాళ్ళు అంటారు, కందకం నీళ్ళు ఆగింది ఒక మట్టికట్ట మీద, పారలిచ్చి నలుగుర్ని పెడితే ఆ కట్ట తెంపి నీళ్ళు బయటికి వదిలెయ్యొచ్చు, కిటికీలు చూస్తే పెద్దపెద్దవి, ఇది యుద్ధం మొహం కాదు అని. లోపల 33 పొయ్యిగూళ్ళున్నాయి, 28 దాకా మరుగుదొడ్లున్నాయి. 1385 నాటికి 28! మన కాలనీ మొత్తానికి అన్ని ఎప్పుడొచ్చాయో నాకు గుర్తుంది. అవన్నీ గోడలోంచి తిన్నగా కందకంలోకే, అంటే ఇప్పుడు అందరూ ఫోటోలు తీసుకునే ఆ అద్దంలాంటి నీళ్ళు ఒకప్పుడు ఆ ఇంటికి సెప్టిక్ ట్యాంకు.

నన్నడిగితే రెండూ నిజమే. కాంపౌండ్ గోడమీద గాజుపెంకులు పెట్టించినవాడే ముందువైపు ఎలివేషన్ టైల్స్ కూడా వేయిస్తాడు, దొంగ భయమూ ఉంటుంది, దారిన పోయేవాడు ఆగి చూడాలనీ ఉంటుంది. పైగా ఈయన చిన్నకొడుకు, తండ్రి ఆస్తి దక్కనివాడు, ఆ కసి ఆ బురుజుల్లో కనిపిస్తుంది నాకు.

1392లో లండన్ నగరం మీద రాజుకి కోపమొచ్చి దాని పాలన తీసేసుకున్నప్పుడు కొన్నాళ్ళు ఈయన్నే అధికారిగా పెట్టాడు, అంతటి మనిషయ్యాడు, 1393 నాటికి పోయాడు. మహా అయితే నాలుగైదేళ్ళు అనుభవించుంటాడేమో పూర్తయిన ఇంటిని. కొడుకు జాన్ 1408లో పోయాడు, పిల్లల్లేరు. ఆ తర్వాత భార్య, దాయాదులు, ఇలా తిరిగి తిరిగి 1470 ప్రాంతంలో ఆ వంశంలో మగదిక్కు లేక ఆడపడుచు సంతానానికి పోయింది, వాళ్ళ ఇంటిపేరు లూక్నర్. ఆడపిల్ల ద్వారా వచ్చిన ఆస్తి ఆడపిల్ల ద్వారానే పోయింది. ఎంట్రీ నంబర్ రెండు.

మూడో ఎంట్రీ జప్తు. గులాబీల యుద్ధాలు అంటారే, యార్క్ వాళ్ళూ లాంకస్టర్ వాళ్ళూ సింహాసనం కోసం, మన పల్నాటి సీమ అన్నదమ్ముల్లా కొట్టుకున్నారు. సర్ థామస్ లూక్నర్ లాంకస్టర్ పక్షం. గద్దె మీద మూడో రిచర్డ్, యార్క్. 1483 నవంబర్లో వెళ్ళి బోడియం పట్టుకోండి అని రాజు మనుషుల్ని పంపాడు, అందులో ఒకడు స్వయానా ఈ థామస్ బాబాయే. చూడండి, కోట కట్టిన నూరేళ్ళకి మొదటిసారి ముట్టడి. ఫ్రెంచివాడు రాలేదు, బాబాయి వచ్చాడు. మరి ఆ కందకం, కంతలు, నెత్తిన పోసే రంధ్రాలు, అవన్నీ ఏమయ్యాయి అంటే పోరాటం జరిగినట్టు ఎక్కడా రాతల్లేవు, పెద్దగా పెనుగులాడకుండానే అప్పగించేసుంటాడని అంటున్నారు. కోట పోయింది. రెండేళ్ళు తిరక్కుండా 1485లో బోస్వర్త్‌లో రిచర్డ్ చచ్చాడు, ఏడో హెన్రీ వచ్చాడు, లూక్నర్లకి కోట తిరిగొచ్చింది. కానీ చుట్టూ ఉన్న భూములు మొత్తం చేతికి రావడానికి 1542 దాకా పట్టింది. అంటే 57 ఏళ్ళు. కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళు ఈ హాల్లో ఎవరన్నా ఉంటే ధైర్యం తెచ్చుకోండి.

వచ్చిన ఏడాదికే సర్ రోజర్ లూక్నర్ పోయాడు, 1543లో, ఆస్తి వారసులకి ముక్కలైంది, కోట ఒకరికి, మేనర్ ఒకరికి. ఇక్కడ్నించి ఒక 100 ఏళ్ళు నా కాగితం నిండా కొట్టివేతలే, అదంతా చెప్పి మీ ప్రాణం తియ్యను. 1588లో జాన్ లెవెట్ అనే ఆయన కోట కొన్నాడు, 1623లో టఫ్టన్ కుటుంబం చుట్టూ భూములు కొన్నది, ఆ కుటుంబంలోనే జాన్ టఫ్టన్, థానెట్ ప్రభువు, 1639లో కోట కూడా కొని పాత హద్దులన్నీ మళ్ళీ ఒక చేతికిందికి తెచ్చాడు. పాపం, అయిదేళ్ళు నిలుపుకోలేకపోయాడు.

ఎందుకంటే 1642లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం. టఫ్టన్ రాజు పక్షం, కొట్లాటకి కూడా దిగాడు, ఓడిపోయాడు. పార్లమెంటు వాళ్ళు భూములు కొన్ని లాక్కున్నారు, 9,000 పౌండ్లు జరిమానా వేశారు. అంత డబ్బు ఎక్కణ్ణించి తేవాలి, 1644లో కోట అమ్మేశాడు, 6,000 పౌండ్లకి. కొన్నదెవరు? నథానియల్ పవెల్, పార్లమెంటు పక్షం మనిషి. జరిమానా వేసిన పక్షంవాడే ఆ జరిమానా కట్టడానికి అమ్మే ఆస్తి కొన్నాడన్నమాట. మా బల్ల దగ్గర కూడా ఇలాంటి అమ్మకాలు రాశానండి కొన్ని, అమ్మేవాడు సంతకం పెట్టేటప్పుడు మొహం పైకెత్తడు. ఈ నథానియల్ మాత్రం గట్టివాడు, తర్వాత రాజులు తిరిగొచ్చాక రెండో చార్లెస్ చేత బారొనెట్ బిరుదు కూడా ఇప్పించుకున్నాడు. గాలి ఎటు వీస్తే అటు.

గుండు కొట్టించుకుంది ఈ రోజుల్లోనే. ఆ యుద్ధం తర్వాత ఇంగ్లండులో చాలా కోటలు మళ్ళీ ఎవడూ దాక్కోకుండా పనికిరాకుండా చేశారు. బోడియంలో వంతెనలు, కందకం మధ్యలో ఉండే ముందు ద్వారం, లోపలి ఇళ్ళు అన్నీ విప్పేశారు, బయటి గోడలు మాత్రం ఉంచేశారు. అమ్మకానికి ముందే విప్పారా, తర్వాతా అన్నది తేలలేదు. విప్పిన రాయీ దూలాలూ సామాను కింద పనికొచ్చేవే కదా. ఇక్కడ అమరావతి గుర్తురాకుండా ఎలా ఉంటుందండీ మనకి, 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త ఊరు కట్టుకుంటుంటే దీపాలదిన్నె తవ్వి స్తూపం రాళ్ళు వాడేసుకున్నారు, తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసు పంపిస్తే, అక్కణ్ణించి లండన్ చేరాయి. ఆ రాళ్ళు చూద్దామని నేను బ్రిటిష్ మ్యూజియంకి కూడా వెళ్ళొచ్చాను అదే ట్రిప్పులో. ఆ సంగతి ఇంకోసారి, ఆవేశపడతాను.

పవెల్ కుటుంబం నుంచి 1722లో సర్ థామస్ వెబ్‌స్టర్ కొన్నాడు. వెబ్‌స్టర్లు 100 ఏళ్ళకి పైగా ఉంచుకున్నారు, పెద్దగా ఏమీ చెయ్యలేదు. దాంతో గోడల నిండా ఐవీ తీగలు పట్టేశాయి, లోపల చెట్లు మొలిచాయి, ఎవరో ఒక చిన్న ఇల్లు కూడా కట్టుకున్నారు లోపల. మనకైతే పాడుబడ్డ కోట అంటే పాములు, దెయ్యాలు, లంకెబిందెలు. వాళ్ళకి ఆ కాలంలో పాడుబడ్డవి చూసి పరవశించిపోవడం ఒక ఫ్యాషన్, బొమ్మలు గీసుకునేవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేవారు, తీగలు పీకితే అందం పోతుందని పీకనిచ్చేవాళ్ళు కాదు, అవేమో వేళ్ళతో గోడలు చీల్చేస్తున్నాయి.

1829లో ఇంకో పాత్ర వస్తాడు, జాన్ ఫుల్లర్. మ్యాడ్ జాక్ అని పేరు, పిచ్చి జాక్. మూడో గాడ్‌ఫ్రీ వెబ్‌స్టర్ ఈ కోటని ఎప్పట్నుంచో అమ్మాలని చూస్తున్నాడు, ఎవడో ఒకడు రాయి కోసం కొని మొత్తం పడగొట్టేస్తాడని భయపడి ఈయన కొన్నాడంటారు, 24 ఎకరాలతో కలిపి 3,000 గినీలు. ఒక బురుజు బాగుచేయించాడు, కొత్త తలుపులు పెట్టించాడు, లోపలున్న చిన్నిల్లు తీసేయించాడు. భలే మనిషి అనిపిస్తుంది కదా, నాకూ అనిపించింది. తర్వాత చదివితే ఈయనకి జమైకాలో చెరుకు తోటలున్నాయి, ఆ తోటల్లో బానిసలున్నారు, పార్లమెంటులో లేచి నిలబడి బానిసత్వాన్ని వెనకేసుకొచ్చిన మనిషి. మొదటివాడు ఫ్రాన్స్‌లో దోచిన సొమ్ముతో కట్టాడు, వీడు జమైకాలో మనుషుల్ని పిండిన సొమ్ముతో కాపాడాడు. ఈసీలో ఇవి రాయరండి. ప్రతిఫలం సొమ్ము ముట్టినది అని ఉంటుంది, ఆ సొమ్ము ఎక్కడిది అన్న కాలమ్ ఉండదు. తన ఊరు బ్రైట్లింగ్‌లో చర్చి ఆవరణలో పిరమిడ్ కట్టించుకుని అందులోనే సమాధయ్యాడు, 1834లో.

1849లో ఫుల్లర్ వారసులు జార్జ్ క్యూబిట్‌కి అమ్మారు. ఈయన కొలతలు వేయించాడు, పడిపోయిన నైరుతి బురుజు నిలబెట్టాడు. నైరుతి మూల పడిపోవడం ఏంటని మా ఆవిడ అక్కడే అడిగింది, వాస్తు చూసుకోలేదేమో అని. ఆ బురుజు అడుగున బావి కూడా ఉందండి, నైరుతిలో బావి! ఇంకేం చెప్తాం.

ఇప్పుడు ఆఖరి కొనుగోలుదారు. ఈ పేరు చూసి నేను బోర్డు ముందే కాసేపు నిలబడిపోయాను. లార్డ్ కర్జన్. మన కర్జనే! వైస్రాయి, 1905లో బెంగాల్‌ని రెండు ముక్కలు చేసినాయన. ఆ మంట వల్లే కదా 1907లో బిపిన్ చంద్రపాల్ మన కాకినాడ, రాజమండ్రి, బెజవాడ తిరిగి ఉపన్యాసాలిచ్చింది, మా తాతగారు చెప్పేవారు ఆ కబుర్లు. ఆ కర్జన్‌కి పాత కట్టడాలంటే ప్రాణం, మన దేశంలో 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చింది ఆయనే, మూలపడ్డ పురావస్తు శాఖని లేపి జాన్ మార్షల్‌ని తెచ్చి పెట్టింది ఆయనే. అక్కడికి తిరిగెళ్ళాక 1911లో లింకన్‌షైర్‌లో టాటర్‌షల్ అనే ఇటుకల కోట అమ్ముడుపోయి, అందులోని చెక్కడపు పొయ్యిగూళ్ళు అమెరికా పంపడానికి ఊడబెరికేశారని తెలిస్తే, కోట కొనేసి, ఆ గూళ్ళు లండన్‌లో ఉన్నాయని వెతికి పట్టుకుని మళ్ళీ తెచ్చి గోడలో పెట్టించాడు. ఆ గొడవ తర్వాతే 1913లో వాళ్ళ దేశంలో కట్టడాల చట్టం గట్టిపడింది. మన దగ్గర 1904, వాళ్ళ దగ్గర ఆ మాత్రం గట్టిది 1913. ఇది నేను మా అల్లుడికి చెప్తే నమ్మలేదు.

బోడియం మీద ఈయనకి ఎప్పట్నుంచో కన్ను. క్యూబిట్ 1917లో పోయాక కొన్నాడు. 1919 నుంచి పని మొదలు, విలియం వైర్ అనే ఆర్కిటెక్ట్‌ని పెట్టి తీగలన్నీ పీకించాడు, కందకం నీళ్ళు తోడించి మూడడుగుల బురద తీయించాడు, అప్పుడు బయటపడ్డాయి పాత వంతెనల పునాదులు, ఇందాక చెప్పానే తిన్నగా రాకుండా మలుపు తిరిగే దారి, అది అలా తెలిసింది. మట్టితో పూడిపోయిన ఆ నైరుతి బావి కూడా అప్పుడే దొరికింది. పైకప్పు మాత్రం వెయ్యలేదు, లేనిది ఊహించి కట్టకూడదు, ఉన్నది పడిపోకుండా చూస్తే చాలని. ఈ విషయంలో కర్జన్‌కి నేను ఒక నమస్కారం పెడతాను, బెంగాల్ విషయంలో వెనక్కి తీసుకుంటాను.

1925 మార్చిలో కర్జన్ పోయాడు. పోతూ విల్లు రాశాడు, బోడియం నేషనల్ ట్రస్టుకి అని, టాటర్‌షల్ కూడా. ట్రస్టు అంటే ఇలాంటి ఆస్తుల్ని జనం కోసం ఉంచే సంస్థ. వాళ్ళకో చట్టం ఉంది 1907ది, ఫలానా ఆస్తి అన్యాక్రాంతం చెయ్యరాదు అని ఒకసారి తీర్మానిస్తే మరి పార్లమెంటు ఒప్పుకోకుండా అమ్మడం కుదరదు. మన దేవుడి మాన్యంలాగే. మన దేవుడి మాన్యాలు ఎలా ఉన్నాయో అడగకండి.

ఒక్కటి మర్చిపోయాను. కోట పక్కనే గడ్డిలో ఒక కాంక్రీటు గది ఉంది, పొట్టిగా, తుపాకి కంతలతో. ఏ కాలంనాటిదా అనుకున్నాను, 1940దట, హిట్లర్ సముద్రం దాటి వస్తే రోథర్ నది దగ్గర ఆపడానికి కట్టింది. 1385లో కూడా అటునుంచే వస్తారని ఇదే నది దగ్గర కట్టారు. ఆ గదిలోంచీ ఒక్క గుండు పేలే అవసరం రాలేదు. దాన్ని కూడా పురాతన కట్టడం కింద అలాగే ఉంచారు, మా మనవడు దాంట్లోకి దూరి రానంటే రానన్నాడు.

అంతేనండీ నా కాగితం. మొత్తం 540 ఏళ్ళ ఎంట్రీలు, పసుపు కుంకుమ ఒకటి, వారసత్వాలు బోలెడు, జప్తు ఒకటి, జరిమానా కోసం తెగనమ్మింది ఒకటి, మామూలు క్రయాలు ఓ ఆరేడు, ఆఖర్న విల్లు. 1925 తర్వాత తీస్తే నిల్ ఈసీ వస్తుంది, అంటే లావాదేవీలేం లేవని. ఎవరన్నా ఏమన్నా అడగాలంటే అడగండి, ఆ ఫ్యాను కాస్త తగ్గించమనండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.